రాసింది రేపు కూడా దొరకాలి: ఫేస్‌బుక్‌లో రాస్తున్న రచయితలకు ఒక గ్రంథపాలకురాలి బహిరంగ లేఖ

ఫేస్‌బుక్‌లోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ కథలూ కవితలూ రాస్తున్న తెలుగు రచయితలకు,



మీలో చాలామందికి నేను తెలియదు. మీరు మాత్రం నాకు బాగా తెలుసు. జిల్లా గ్రంథాలయ సంస్థ కింద శాఖా గ్రంథాలయాల్లో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఇప్పుడు పొద్దున్న కాఫీ తాగుతూ మీ పోస్టులు చదవడం అలవాటైంది. నచ్చితే లైకు కొడతాను, అప్పుడప్పుడూ కామెంటు పెడతాను. ఇప్పుడు చెప్పబోయేది కామెంటులో ఇమిడేది కాదు. ఒక్కరికి చెప్పి ఊరుకునేదీ కాదు. అందుకే ఈ ఉత్తరం.

సోషల్ మీడియాలో రాసేదంతా సాహిత్యం కాదనేవాళ్ల మాటతో నాకు పొత్తు లేదు. అక్కడ వచ్చే మంచి కథ ఏ పత్రికలో వచ్చిన మంచి కథకూ తీసిపోదు. నా బాధ వేరు. ఆ మంచి కథ ఆర్నెల్ల తర్వాత మళ్లీ కావాలంటే దొరకడం లేదు. పాఠకులకు ఇంత దగ్గరగా వచ్చిన మీరు, వాళ్లు రేపు వెతుక్కుంటూ వస్తే కనిపించకుండా పోతున్నారు.

రచయితకూ పాఠకులకూ మధ్య రాకపోకలు కొత్తగా మొదలైనవి కావు. కందుకూరి వీరేశలింగం 1874లో వివేకవర్ధిని పెట్టుకున్నది తన మాట తనే జనానికి చేర్చుకోవాలనే. చలం 1950లో బెజవాడ వదిలి అరుణాచలం వెళ్లిపోయాక కూడా ఉత్తరాలు మానలేదు. ఆయన రాసిన ఉత్తరాలు పుస్తకాలై ఇప్పటికీ బీరువాల్లో ఉన్నాయి. 'తులసిదళం' నవల ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చిన కాలంలో పత్రిక వచ్చే రోజున గ్రంథాలయాల్లో ఆ ఒక్క సంచిక కోసం వంతులు వేసుకునేవాళ్లు. చదివి ఊరుకునేవాళ్లు కాదు, పత్రికకు ఉత్తరాలు రాసేవాళ్లు. వాటిలో నాలుగైదు అచ్చయ్యేవి. మిగతావి రచయితకు చేరితే చేరినట్టు, లేకపోతే లేనట్టు. ఇక మల్లాది వెంకట కృష్ణమూర్తి గారైతే ఫొటో కూడా వేయించుకోకుండానే దశాబ్దాల తరబడి పాఠకుల్ని నిలుపుకున్నారు. ఈ ఒక్క సంగతి మీరు గుర్తుంచుకోవాలి, దాని దగ్గరకు మళ్లీ వస్తాను.

మరి మీరు తెచ్చిన కొత్తదనం ఏమిటంటే, మధ్యలో మనిషి లేకపోవడం. పత్రికాఫీసు గడప తొక్కనివాళ్లు, తెలిసిన సంపాదకుడు లేనివాళ్లు, పుస్తకం వేయించుకోవడానికి డబ్బు లేనివాళ్లు ఫోన్లోనే టైపు చేసి జనం ముందు పెడుతున్నారు. తమ ఊరి మాటని ఎవరూ దిద్దకుండా, తమ ఇంట్లో మాట్లాడుకున్నట్టే రాస్తున్నారు. తండాలో పుట్టినవాళ్ల కథలు, గల్ఫ్‌లో కూలి చేసి వచ్చినవాళ్ల అనుభవాలు, బీడీలు చుట్టిన అమ్మల గురించి కూతుళ్లు రాసినవి నేను మొదట చదివింది ఫేస్‌బుక్‌లోనే. అవి చదివినప్పుడల్లా, ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ మా బీరువాల్లో ఏమేం లేవో నాకు తెలిసొచ్చింది.

వాటికి వచ్చే కామెంట్ల విలువ ఇంకా ఎక్కువ. ఒక ఉదాహరణ చెప్తాను. ఒక యువ రచయిత నేత కుటుంబం మీద కథ పెట్టారు. హోరున వాన కురుస్తున్న రాత్రి. కొడుకు బడి ఫీజు కోసం తల్లి మగ్గం మీద కూర్చుని నేస్తుంటుంది. నాడె అటూ ఇటూ తిరుగుతున్న చప్పుడు వానచప్పుడులో కలిసిపోతుంది. చదవడానికి బాగుంది, అందరూ బాగుందన్నారు. అప్పుడు నేత ఇంట్లో పుట్టిన ఒకావిడ కింద కామెంటు పెట్టింది. వానాకాలంలో గుంటమగ్గం నడవదని, గుంటలోకి నీళ్లు ఊరిపోతాయని, అందులో కాళ్లు పెట్టుకుని కూర్చోవడం కుదరదని రాసింది. పడుగుకు గంజి పెట్టి వీధిలో సాగదీసి ఆరబెట్టాలంటే ఎండ కావాలని, ఆ రోజుల్లో తమ వీధిలో మగ్గం చప్పుడే వినిపించేది కాదని, చప్పుడు లేదంటే ఇంట్లో బియ్యం లేనట్టేనని రాసింది. దాని కింద ఇంకో ఊరి నుంచి ఇంకొకాయన, గుంట పూడ్చి స్టాండు మగ్గం పెట్టుకున్నాక ఏం మారిందో, దానికి ఎంత అప్పు చేయాల్సి వచ్చిందో రాశాడు. మూడో మనిషి సొసైటీ నుంచి నూలు ఆలస్యంగా వచ్చిన ఏడాది సంగతి అందుకున్నాడు. ఒక్క సాయంత్రంలో ఆ కథ కింద ఒక వృత్తి చరిత్ర పోగైంది.

ఆ రచయిత చేసిన పని నాకు చాలా నచ్చింది. వాదించలేదు, కథకుడి స్వేచ్ఛ అనలేదు. కథ మార్చారు. పుస్తకంలోకి వచ్చినప్పుడు అందులో వాన ఉంది, రాత్రి ఉంది, ఆగిపోయిన మగ్గం ఉంది. తల్లి గుంటలోంచి చెంబుతో నీళ్లు తోడుతుంటుంది. మొదటి రూపం కంటే ఇదే గుండెకు తగిలింది. వారపత్రికల రోజుల్లో ఆ ఉత్తరం సంపాదకుడి బల్ల మీదికి చేరి, అక్కడి నుంచి రచయితకు చేరి, ఆయన మళ్లీ రాసేసరికి సీరియల్ ముగిసిపోయేది. ఇక్కడ చదివినావిడా రాసినాయనా ఒకే అరుగు మీద కూర్చున్నట్టు మాట్లాడుకున్నారు. సోషల్ మీడియా రచయితకు ఇచ్చిన అసలైన సంపద ఇదే. లైకులు దాని ముందు ఏపాటి!

పుస్తకాల అమ్మకాల సంగతి కూడా చెప్పుకోవాలి. రవి మంత్రి రాసిన 'అమ్మ డైరీలో కొన్ని పేజీలు' ఇన్‌స్టాగ్రామ్ రీల్స్‌లో ఊరూరా తిరిగింది. నేను రిటైరయ్యే ముందు రోజుల్లో మా రీడింగ్ హాలు పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలతో నిండిపోయేది. వాళ్లు తెచ్చుకున్న పుస్తకాలే చదువుకునేవాళ్లు, మా బీరువాల వైపు చూసేవాళ్లు కాదు. వాళ్లలో ఒకమ్మాయి ఫోను పట్టుకుని నా దగ్గరకొచ్చి, రీల్‌లో అట్ట చూపించి, మేడమ్ ఈ బుక్ ఉందా అని అడిగింది. లేదు. తనే ఎక్కడో తెప్పించుకుంది. చదివేశాక మళ్లీ వచ్చి, ఇలాంటిది ఇంకోటి ఇవ్వమంది. ఆ రోజు మొదటిసారి ఆ అమ్మాయి నవలల బీరువా ముందు నిలబడింది. ఆ నవల గొప్పదా కాదా అని పెద్దవాళ్లు వాదించుకోవచ్చు. బీరువా ముందుకు ఒక పాఠకురాలిని తీసుకొచ్చిన పుస్తకం మీద నాకు గౌరవం తప్ప ఇంకో భావం లేదు. రీల్స్ చేసి పుస్తకాలు చూపించే పిల్లలను చిన్నచూపు చూడకండి. తెలుగు చదవడం రాదని మనం అనుకున్న తరంలో చాలామంది వాళ్ల వెనకే ఉన్నారు.

అయితే ఒక ఇబ్బంది ఉంది. మీ కొత్త పుస్తకం వచ్చిందని పోస్టు పెడతారు. అట్ట ఉంటుంది, ఆనందం ఉంటుంది, ముఖచిత్రం వేసినవాళ్లకూ ముందుమాట రాసినవాళ్లకూ కృతజ్ఞతలు ఉంటాయి. ప్రచురణకర్త పేరు ఉండదు, వెల ఉండదు, ఎక్కడ దొరుకుతుందో ఉండదు. కావాల్సినవాళ్లు ఇన్‌బాక్స్‌లోకి రండి అని ఉంటుంది. చిన్న ఊళ్లో ఉన్న ఆడపిల్ల, తెలియని మగమనిషి ఇన్‌బాక్స్‌లోకి వెళ్లి పుస్తకం అడుగుతుందా? గ్రంథాలయం ఇన్‌బాక్స్ ద్వారా పుస్తకాలు కొనగలదా? గ్రంథాలయానికి రచయిత పేరు, ప్రచురణకర్త పేరు, ప్రచురించిన ఏడాది, వెల, ఐఎస్‌బీఎన్ కావాలి. ఈ ఐదూ మీ పోస్టులో ఒకే వరుసలో పట్టేస్తాయి. ఆ వరుస లేకపోవడం వల్ల ఎన్ని మంచి పుస్తకాలు గ్రంథాలయాల కొనుగోలు జాబితాల్లోకి ఎక్కకుండా పోయాయో నాకు తెలుసు.

ఇప్పుడు అసలు విషయం. ఆ మగ్గం కథ కింద వచ్చిన కామెంట్లను మా చుట్టుపక్కల పరిశోధన చేస్తున్న ఒక విద్యార్థికి చూపిద్దామని వెతికాను. రచయిత పేరు తెలుసు, కథలో మాటలు తెలుసు. అయినా దొరకలేదు. కథకు శీర్షిక లేదు, మామూలు పోస్టులాగే మొదలైంది. తారీఖు గుర్తు లేదు. చివరికి రచయితనే అడిగితే, పుస్తకం వచ్చాక ఆ పోస్టు తీసేశానన్నారు. పోస్టుతో పాటు దాని కిందివన్నీ పోయాయి. వానలో గుంటమగ్గం గురించి ఆవిడ రాసిన మాటలు ఇప్పుడు ఎక్కడా లేవు.

తీసేయడానికి ఆయనకో కారణం ఉంది. మన కథల పోటీల ప్రకటనలు చూడండి. కథ ఏ పత్రికలోనూ, వెబ్‌సైటులోనూ, సామాజిక మాధ్యమాల్లోనూ ప్రచురితమై ఉండకూడదు, అలా హామీపత్రం జతపరచాలి అని ఉంటుంది. పోటీకి పంపాలంటే వాల్ మీది కథ తీసేయాల్సిందే. ఇక్కడ ఒక చిత్రమైన పరిస్థితి వచ్చింది. పోటీ నిర్వాహకుల లెక్కలో ఫేస్‌బుక్‌లో పెట్టడమంటే ప్రచురించడమే. దాచుకోవాల్సి వచ్చినప్పుడు మాత్రం దాన్ని ప్రచురణగా ఎవరూ చూడరు. గ్రంథాలయం చూడదు, విశ్వవిద్యాలయం చూడదు, విమర్శకుడు చూడడు, ఆఖరికి రాసిన మీరు కూడా చూడరు. ప్రచురణ అనుకున్నాక ప్రచురణకు ఇవ్వాల్సిన మర్యాద ఇవ్వాలి. పోటీలు పెట్టేవాళ్లు ఈ నిబంధన గురించి మళ్లీ ఆలోచించాలి. కథ పేరు, మొదట పెట్టిన తారీఖు చెప్పి పంపితే చాలదా?

పాత సంచికలు నిలిచి ఉండటం ఎంత పని చేస్తుందో ఒకసారి చూడండి. గురజాడ 'దిద్దుబాటు' 1910లో ఆంధ్రభారతిలో వచ్చింది. చాలాకాలం అదే తొలి తెలుగు కథ అని చెప్పుకున్నాం, పిల్లలకు పాఠం చెప్పాం. తర్వాత పాత పత్రికలు తిరగేసినవాళ్లు, భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' 1902లోనే హిందూసుందరిలో అచ్చయిందని చూపించారు. తెలుగు కథ చరిత్ర అక్కడి నుంచి మళ్లీ రాసుకోవాల్సి వచ్చింది, ఆ చరిత్ర మొదట్లో ఒక స్త్రీ వచ్చి నిలబడింది. ఎవరో ఎక్కడో ఆ సంచికలు దాచారు కాబట్టి ఇది జరిగింది. అచ్చమాంబ కాలంలో పత్రిక అంటే కొన్ని వందల ప్రతులు. మీ కథ ఒక్క రోజులో అంతకంటే ఎక్కువమంది చదువుతారు. వందేళ్ల తర్వాత వెతికేవాళ్లకు ఏది దొరుకుతుంది?

వందేళ్లు ఎందుకు, ఈమధ్య సంగతులే చూద్దాం. ఆర్కుట్ 2014 సెప్టెంబరులో మూతపడింది. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో పోయింది. యాహూ గ్రూపులు 2020లో ఆగిపోయాయి. తెలుగు సాహిత్యం మీద హోరాహోరీ చర్చలు నడిచిన రచ్చబండ ఆ యాహూ గ్రూపుల్లోదే. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. మర్నాటి నుంచి అందులో కవిత్వం చదివినవాళ్ల గొంతులు వాళ్ల ఊరివాళ్లకే వినపడకుండా పోయాయి. ఫేస్‌బుక్ ఇవాళ ఉంది కాబట్టి ఎప్పుడూ ఉంటుందని అనుకోవడానికి ఏ ఆధారమూ లేదు. అది ఉన్నా మీ ఖాతా ఉంటుందన్న నమ్మకం లేదు. ఖాతా హ్యాక్ అయి ఏళ్ల తరబడి రాసుకున్నది పోగొట్టుకున్న రచయితలు మీ స్నేహితుల్లోనే ఉన్నారు. రచయిత చనిపోయాక ఆ ఖాతా ఏమవుతుందో ఇంట్లోవాళ్లకు తెలియని సందర్భాలు కూడా చూశాను.

కథ కనిపించకుండా పోవడం ఒక ఎత్తు, పేరు పోవడం ఇంకో ఎత్తు. మీరు వాల్ మీద పెట్టింది వాట్సాప్‌లోకి వెళ్లేసరికి చివర 'సేకరణ' అని వస్తుంది. ఒక్కోసారి, ఎవరు రాశారో తెలియదు గానీ చాలా బాగుంది అని ముందుమాట కూడా ఉంటుంది. మూడు గ్రూపులు దాటాక అదే కథ వేరే పెద్దాయన పేరుతో తిరిగొస్తుంది. వాట్సాప్ 2018లో మన దేశంలో ఒక సందేశాన్ని ఒకసారి ఐదు చోట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా హద్దు పెట్టింది. 2020లో, అప్పటికే చాలాసార్లు ఫార్వర్డ్ అయిన సందేశాన్ని ఒకసారి ఒక్క చోటికే పంపగలిగేలా ఇంకా బిగించింది. ఆ హద్దులు వదంతుల కోసం పెట్టినవి, రచయిత పేరు కోసం కాదు. కాపీ చేసి అతికించేవాళ్లను అవి ఆపలేవు కూడా. చట్టం మాత్రం మీ వైపే ఉంది. 1957 కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం హక్కులు ఇంకొకరికి ఇచ్చేసినా, అది తను రాసిందేనని చెప్పుకునే హక్కు రచయితకే ఉంటుంది. కానీ వాట్సాప్ గ్రూపు అడ్మిన్ మీద కేసు వేయడానికి ఎవరు వెళ్తారు? పేరు ఎక్కడ పెట్టాలన్నది మాత్రం మీ చేతిలో ఉంది. చివర్లో పెట్టిన పేరు మొదట తెగుతుంది. శీర్షిక రాసి, దాని కిందే పేరూ తారీఖూ రాసి, తర్వాత కథ మొదలుపెట్టండి. అప్పుడు పేరు తీసేయాలనుకున్నవాడు కావాలని తీయాలి, తెలియక తెగిపోదు.

ఇది చదివే పాఠకులకు కూడా ఒక మాట. ఒక కథ మీకు ఏడుపు తెప్పించిందంటే దాని వెనక ఒక మనిషి రాత్రి నిద్ర మానుకుని కూర్చున్నాడని అర్థం. ఆ మనిషి పేరు తెలుసుకోకుండా ముందుకు పంపకండి.

మళ్లీ మీ దగ్గరకే వస్తాను. ఫేస్‌బుక్‌లో ఎవరికి ఏది కనపడాలో మీరు నిర్ణయించరు. 2018 జనవరిలో ఆ సంస్థ, పేజీల పోస్టుల కంటే స్నేహితులూ బంధువుల పోస్టులకూ, ఎక్కువగా మాటలు నడిచేవాటికీ ప్రాధాన్యం ఇస్తామని బయటికే చెప్పింది. వినడానికి బాగానే ఉంది. మాటలు ఎక్కువగా నడిచేది ఎక్కడ? తగవు దగ్గర. మంచి కథ చదివినవాళ్లు కాసేపు మౌనంగా ఉండిపోతారు, ఆ మౌనం లెక్కలోకి రాదు. ఫలానావాళ్లు ఫలానావాళ్లను ఏదో అన్నారని పెడితే వంద కామెంట్లు. నెలల తరబడి ఇది చూసిన రచయిత, తెలియకుండానే కథల మనిషి నుంచి తగవుల మనిషిగా మారిపోతున్నారు. పేర్లు చెప్పను గానీ, కథల కోసం ఫాలో అయినవాళ్లలో కొందరి వాల్ మీద కథ కనిపించి చాలాకాలమైంది. మీ పాఠకులు మిమ్మల్ని అడిగింది కథ. ఆ సంగతి వాళ్లు చెప్పరు, అలా వెళ్లిపోతారు.

అభిమానుల సంగతి ఇంకా సున్నితమైంది. ఒక కథ ముగింపు కుదరలేదని ఒక పాఠకురాలు చాలా మర్యాదగా రాసింది. ఎందుకు కుదరలేదో కథలోంచే చూపించింది. పది నిమిషాల్లో ఆవిడ మీద పడ్డారు: నువ్వెవరు, ఏం రాశావు, ముందు నువ్వొక కథ రాసి చూపించు అని. రచయిత అక్కడే ఉన్నారు, బాగుందన్నవాళ్లకు ధన్యవాదాలు చెబుతున్నారు. ఈవిడ గురించి ఒక్క మాట అనలేదు. ఆవిడ కామెంటు తీసేసుకుని వెళ్లిపోయింది. మగ్గం గురించి రాసినావిడ కూడా ఇలాంటి వాల్ మీద రాసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. తప్పు చెప్పినవాళ్లను మీవాళ్లు తరిమేస్తున్నప్పుడు, ఆగండి, ఆవిడ చెప్పేది విననివ్వండి అని మీరు అనాలి. అది అనడానికి మీకంటే హక్కున్నవాళ్లు అక్కడ ఎవరూ లేరు.

అలాగని ప్రతి ఒక్కరికీ జవాబు చెప్పమని నేను అడగను. రచయిత్రుల ఇన్‌బాక్స్‌లోకి ఎలాంటి సందేశాలు వస్తాయో నాకు తెలుసు. కథలో ఒక స్త్రీ స్వేచ్ఛగా ఉంటే, రాసినావిడ గురించి ఏదో అర్థం చేసుకుని అర్ధరాత్రి మెసేజీలు పెట్టేవాళ్లకు కొదవ లేదు. ఇక గుంపు మొత్తం మీద పడితే ఏమవుతుందో పక్క రాష్ట్రంలో చూశాం. పెరుమాళ్ మురుగన్ నవల 'మాదొరుబాగన్' మీద తిరుచెంగోడులో గొడవలు రేగాక, 2015 జనవరిలో ఆయన తనలోని రచయిత చనిపోయాడని ప్రకటించుకున్నది ఫేస్‌బుక్‌లోనే. పాఠకులకు దగ్గర కావడానికి వాడుకునే చోటే ఆయన వాళ్ల దగ్గర సెలవు తీసుకున్నారు. 2016 జులైలో మద్రాసు హైకోర్టు ఆయన పక్షాన తీర్పు ఇచ్చాకే మళ్లీ పాఠకుల ముందుకు వచ్చారు. కాబట్టి కామెంట్లు కట్టేసుకునే హక్కు, ఇన్‌బాక్స్ మూసుకునే హక్కు, అసలు ఫేస్‌బుక్‌లోకే రాకుండా ఉండే హక్కు రచయితకు ఉన్నాయి. మల్లాది గారి మాట ముందే ఎత్తింది ఇందుకే. పుస్తకం వేసేముందు నీకు ఫాలోయర్లు ఎంతమంది అని అడిగే ప్రచురణకర్తలు బయల్దేరారని వింటున్నాను. ఫోను ముందు మాట్లాడలేని మనిషి గొప్ప నవల రాసి తెస్తే, దాన్ని పాఠకులకు చేర్చాల్సిన పని ప్రచురణకర్తదే. ఆ బాధ్యత రచయిత నెత్తిన పెట్టడం అన్యాయం.

మళ్లీ దాచుకోవడం దగ్గరకు వద్దాం. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో కథానిలయం పెట్టారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒక చోట ఉండాలని ఆయన పట్టుదల. పాత పత్రికలు, సంకలనాలు, చిరిగిన సంచికలు ఊరూరా తిరిగి సేకరించారు. పెద్ద కథకుడై ఉండి, తన కథలకంటే ఎక్కువగా అందరి కథల గురించి ఆలోచించిన మనిషి. ఆయన 2021లో వెళ్లిపోయారు. ఆయన బతుకంతా పోగుచేసింది కాగితం మీది కథ. ఫోను మీది కథను పోగుచేసే మాస్టారు ఇంకా పుట్టలేదు. పుట్టేవరకూ ఆ పని మీరే చేసుకోవాలి. ఎవరి కథ వాళ్లు దాచుకుంటే చాలు, ఇది పెద్ద పని కాదు.

చేయాల్సింది చెప్తాను. ఫేస్‌బుక్ సెట్టింగుల్లో మీ సమాచారం డౌన్‌లోడ్ చేసుకునే వీలుంది. అందులో పోస్టులు మాత్రమే ఎంచుకోవచ్చు, ఏ తారీఖు నుంచి ఏ తారీఖు దాకా కావాలో పెట్టుకోవచ్చు. ఫైలు ఏ రూపంలో కావాలని అడిగినప్పుడు జేసన్ కాకుండా హెచ్‌టీఎంఎల్ ఎంచుకోండి. జేసన్‌లో మన అక్షరాలు చదవడానికి వీల్లేని గుర్తులుగా వస్తాయి. ఆ ఫైలు మీ కంప్యూటర్లో ఒకటి, ఇంకెక్కడైనా ఒకటి ఉంచండి. అందులోంచి కథల్నీ కవితల్నీ వేరు చేసి, ఒక్కోదానికి శీర్షిక, మొదట పెట్టిన తారీఖు రాసుకోండి. ఏడాదికోసారి వాటిని ప్రింటు తీయించి కుట్టించి, మీ ఊరి గ్రంథాలయానికి ఒక ప్రతి, కథానిలయానికి ఒక ప్రతి ఇవ్వండి. మీ ఊరి గ్రంథపాలకులు ముందు కొంచెం తికమకపడతారు, రిజిస్టర్లో ఏ పద్దులో రాయాలా అని. విరాళం కింద రాసుకోమనండి, రాసుకుంటారు.

కామెంట్లు మాత్రం ఆ ఫైల్లో రావు. మీ పోస్టులు వస్తాయి, మీరు వేరేచోట్ల పెట్టిన కామెంట్లు వస్తాయి. మీ కథ కింద ఇంకొకరు రాసినవి వాళ్ల సొత్తు కాబట్టి అందులో ఉండవు. కథను మార్చిన మాటలు, కథకు కొత్త సంగతి చేర్చిన మాటలు ఏవైనా ఉంటే, పోస్టు తీసేసేముందు వాటిని చేత్తో కాపీ చేసుకోవాల్సిందే. రాసినవాళ్లను అడగండి, ఒప్పుకుంటే పేరుతో, వద్దంటే ఊరి పేరుతో దాచండి. పుస్తకం వేస్తే వెనక రెండు పేజీలు వాళ్లకు ఇవ్వండి. మగ్గం కథ రాసిన రచయితకు ఈ సంగతి చెప్పాను. ఆవిడను వెతికి పట్టుకుని, ఆ మాటలు మళ్లీ రాయించుకుంటానన్నారు. రెండో ముద్రణకు ఇంకా సమయం ఉంది.

ఇట్లు,
మీ పాఠకురాలు,
రిటైరైన ఒక శాఖా గ్రంథపాలకురాలు